మామిడల్లం వాసన వేసిన గంజాయి: కువైట్ జైల్లో అన్నను చూసొచ్చిన రోజు

మా పెదనాన్న కొడుకు వెంకటరమణ అన్న కువైట్ జైల్లో ఉన్నాడు. సెలవు ముగించుకుని పనికి తిరిగి వెళ్తూ, తెలిసినవాడొకడు ఇచ్చిన పొట్లాన్ని పెట్టెలో పెట్టుకున్నాడు. విమానాశ్రయంలో దిగగానే పట్టుబడ్డాడు. పొట్లంలో గంజాయి దొరికిందన్నారు, కింది కోర్టు పదేళ్ల శిక్ష వేసింది. అది గంజాయి కాదని, కడుపునొప్పికి వాడే ఎండు మామిడల్లమని ఇంట్లో అందరూ నమ్మారు. అక్కడే ఒక ఇంట్లో పనిచేస్తున్న మా ఈశ్వరమ్మ వదిన మరీ గట్టిగా నమ్మింది. "సుధా, నువ్వు చేసే ఉద్యోగమే ఆ చెట్లతో గదా. ఒక్కసారి వచ్చి అది గంజాయి కాదని వాళ్లకు చెప్పు" అని ఫోన్‌లో ఏడ్చింది. అప్పీలు విచారణ దగ్గర పడుతోంది. అందుకే నేను కువైట్ వెళ్లాను. ఇలాంటి పని మీదే అక్కడికి వెళ్లాల్సి వచ్చేవాళ్లు మన జిల్లాల్లో ఇంకా ఉంటారు కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

నా ఉద్యోగం గురించి ముందే చెప్పాలి. ఉత్తరాది కొండల్లో ప్రభుత్వ అనుమతితో నడిచే ఒక తోటలో పనిచేస్తాను. అక్కడ పెంచేది మత్తు దాదాపు లేని గంజాయి జాతి. నార కోసం, గింజల నూనె కోసం, ఈమధ్య సబ్బులకు, టీ పొడులకు వాసన కోసం. ఈ చివరిదే నా పని. వరుసల మధ్య తిరుగుతూ ఒక్కో మొక్క పువ్వును నలిపి వాసన చూసి, బాగున్నదానికి చీటీ కడతాను. తర్వాత వాటినే ఒకదానితో ఒకటి కలిపి కొత్త విత్తనం తీస్తాం. గంజాయి వాసన ఒకే పదార్థం నుంచి రాదు. మిర్సీన్, కారియోఫిల్లీన్ లాంటి పెద్దవి రెండు మూడు దాదాపు ప్రతి మొక్కలోనూ ఉంటాయి. వాటి కింద కొద్దికొద్దిగా ఉండేవి కొన్ని ఉంటాయి, మేం వాటిని రెండో వరుస వాసనలంటాం. మొక్కకు దాని ప్రత్యేకమైన వాసననిచ్చేవి ఈ చిన్నవే. వాటిలో ఒకటి కొంచెం హెచ్చితే నిమ్మ వాసన, ఇంకోటి హెచ్చితే లావెండరు వాసన వస్తుంది. గంజాయి పేరు చెప్పగానే గుర్తొచ్చే ఆ కంపును తగ్గించి ఇలాంటి వాసనలు పైకి తెచ్చినందుకే నాకు జీతం ఇస్తున్నారు.

హైదరాబాదు నుంచి నేరుగా వెళ్లే విమానం ఉంది, ఐదు గంటల లోపే ప్రయాణం. రానూ పోనూ టికెట్టు ఇరవై ఆరు వేలు పడింది. తెల్లవారి దిగి, టాక్సీకి ఆరు దీనార్లు ఇచ్చి మహబూలా చేరాను. సముద్రం పక్కన పొడవాటి అపార్టుమెంట్లు, ఒక్కో ఫ్లాటులో పది మంది దాకా మనవాళ్లు, వాళ్లకోసం మన మెస్సులు. వదినకు తెలిసిన కడప ఆడవాళ్లు నలుగురు ఉండే గదిలో నాకు ఒక మంచం ఇచ్చారు. ఆ రోజంతా నిద్రపోయాను. మే నెల, ఎండ చూస్తేనే కళ్లు మూసుకుపోయేలా ఉంది.

మర్నాడు ఉదయం ఏడింటికి బయల్దేరాను. జైల్లో అన్నను చూడడానికి లాయరు ఆఫీసువాళ్లు ముందే అనుమతి తీసి పెట్టారు. మెస్సులో టిఫిన్ చేసేవాళ్లు మాట్లాడిపెట్టిన డ్రైవరు ఓబులేసు రాజంపేట వైపు మనిషి, పాతికేళ్లుగా అక్కడే ఉన్నాడట. వెళ్లి, ఆగి, తీసుకురావడానికి కలిపి తొమ్మిది దీనార్లు అన్నాడు.

"లోపల ఎవురుండారుమ్మా?" అని అడిగాడు, పెద్దరోడ్డు ఎక్కాక.

"మా అన్న."

"పొట్లమా?"

నేను ఆశ్చర్యంగా చూశాను.

"నేను ఆడ దింపినోళ్లలో శానామంది పొట్లం మోసినోళ్ల ఇంటోళ్లేమ్మా. ఊరగాయంటారు, కారప్పొడంటారు, బిడ్డకు మందంటారు. ఇచ్చినోడు మళ్ల ఫోనెత్తడు." ఎ.సి. కాస్త పెంచాడు. "ఫోను నా బండిలోనే పెట్టి పో. లోపలికి రానీరు. నీళ్లు తాగి పో. ఆడ వరసలో నిలబడాల."

ఎడారి మధ్యలో గోడలు, తనిఖీ గది, మళ్లీ తనిఖీ గది. ఆడవాళ్లకు వేరే వరుస. నా ముందు ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి, వెనక అరబ్బు పెద్దావిడ. రెండు గంటలు కూర్చున్నాక నా పేరు పిలిచారు. అద్దానికి ఇవతల నేను, అవతల అన్న, మధ్యలో ఫోను. గడ్డం తెల్లబడి ఉంది. అహ్మదిలో రంగులేసే కాంట్రాక్టరు దగ్గర పనిచేసినన్నాళ్లూ నిచ్చెనల మీద నిలబడ్డ భుజాలు ఇప్పుడు ముందుకు వంగిపోయాయి.

"బాగుండావా పాపా? మీ వదిన రాలేదా?"

"వాళ్ల మామా పొద్దునపూట సెలవియ్యలేదంట అన్నా. సాయంత్రం కలుస్తా."

అక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారు. అన్న తల ఊపాడు. ఇంటి సంగతులు రెండు అడిగాడు. టైము తక్కువ ఉందని నేనే ఆపి, అడగాల్సింది అడిగాను.

"అన్నా, ఆ పొట్లం వాసన ఎట్లుండె?"

ఆయన నా వైపు చూశాడు. "ఎవురిచ్చినారు, ఎంత తీసుకున్యావు, ఎన్నిసార్లు తెచ్చినావు, ఇవే అడిగినారు పాపా అందరూ. వాసన నువ్వే అడిగింది." కళ్లు మూసుకున్నాడు. "పచ్చి మామిడికాయ తొడిమె గిల్లితే సొన కారతాది సూడు, ఆ వాసన. దాని యెనక అల్లం తవ్వినప్పుడు వచ్చే మట్టి వాసన. అడుగున రోంత మిరియాల ఘాటు. అచ్చం మామిడల్లమే. మఠం కాడ బైరాగుల చిలుం వాసన నాకు తెల్దా? ఆ కంపు యాడా లేదు."

ఆ మూడు మాటలూ, అదే వరుసలో, నా తోట పుస్తకంలో ఉన్నాయి. రెండేళ్ల కింద ఒక మొక్క పువ్వు నలిపి పచ్చి మామిడి సొన, మట్టి, అడుగున మిరియం అని రాసి, దాని చీటీ మీద తెలుగులో 'మామిడల్లం' అని పేరు పెట్టాను. మామిడల్లానికి ఆ వాసననిచ్చే ఆసిమీన్, కారీన్ అనే రెండు చిన్న వాసనలు ఆ మొక్కలో బాగా ఎక్కువ. మా పై అధికారి సంబరపడి ఆ వరుసను పెంచమన్నాడు. పొట్లంలో ఉన్నది మా మొక్క కాదు, మాదానికి మత్తు ఉండదు. కానీ వాసన కోసం మొక్కలను కలిపేవాళ్లు లోకమంతా ఉన్నారు. మత్తు మొక్కల్లో కూడా నేను చేసే పనే ఎవరో చేస్తున్నారు. అది గంజాయి కాదని చెప్పడానికి వచ్చినదాన్ని, అన్న మాట విన్న ఆ నిమిషంలోనే అది గంజాయేనని నాకు తెలిసిపోయింది.

"ఎట్ల పట్టుకున్యారన్నా?"

"కుక్క. వాసన చూసి పెట్టె పక్కన ఊరికే కూచునింది. మొరగలేదు, ఏం లేదు."

మామిడి వాసన తేలికది, త్వరగా ఎగిరిపోతుంది. కారియోఫిల్లీన్ బరువైనది, పువ్వు ఎండి గాలి తగిలే కొద్దీ మారి అడుగున మిగిలిపోతుంది. అట్లా మారిన దాన్నే కుక్కలు పట్టుకుంటాయని మా రంగంలో చెప్పుకుంటారు. పైన మేమెన్ని వాసనలు పూసినా కుక్క ముక్కు దాని కిందికి వెళ్తుంది. అన్న ముక్కు మామిడి దగ్గరే ఆగింది.

"పొట్లం ఇప్పినావా?" అన్నాను.

ఆయన తల పక్కకు తిప్పాడు. అద్దం అవతల ఇంకో ఖైదీ ఎవరితోనో నవ్వుతున్నాడు.

"ఇప్పినా." గొంతు తగ్గింది. "మద్రాసులో, బస్సు దిగినాక. అల్లం ముక్కలు కాదు పాపా. పచ్చగా, గట్టిగా, పువ్వుల మాదిరి ఉండాయి. రోంతసేపు ఆలోచన చేసినా. మళ్ల వాసన చూసినా. మామిడల్లమే. మందుకు పువ్వు కూడా వాడతారేమో అనుకుని మళ్ల కట్టేసినా. కండ్లు కాదన్న్యాయి పాపా. నేను ముక్కు మాట విన్యా." తర్వాత అద్దానికి దగ్గరగా వచ్చాడు. "ఈ మాట లాయరుకు చెప్పలేదు. మీ వదినకు అసలే చెప్పొద్దు."

టైము అయిపోయిందని ఎవరో అరిచారు. ఖలాస్, ఖలాస్ అంటూ ఫోన్లు కట్ చేశారు.

పదకొండున్నరకు ఓబులేసు నన్ను సిటీలో లాయరు ఆఫీసు దగ్గర దింపాడు. దారిలో ఏమీ అడగలేదు, ఒక మజ్జిగ డబ్బా కొనిచ్చాడు. లాయరు కువైటీ. ఆయన మాటలను మనకు చెప్పేది ఖాదర్ గారు, హైదరాబాదు పాతబస్తీ మనిషి, ఆ ఆఫీసులోనే తర్జుమా పని చేస్తాడు. పరీక్ష కాగితం నా ముందు పెట్టాడు.

"చూడుండ్రి మేడమ్. మత్తు పదార్థం ఉన్నదని రాసిన్రు. ఎంత ఉన్నదో రాసిన్రు. వాసన గురించి ఒక్క ముక్క లేదు."

"ఆ పొట్లాన్ని ఇప్పుడు వాసన చూసే వీలుందా?"

"సీల్ వేసిన సామాన్ అది. జడ్జి సాబ్ ముక్కు పెట్టి చూస్తడా?"

చూసినా లాభం లేదని నాకు తెలుసు. పట్టుబడి ఏడు నెలలైంది. ఆ తేలిక వాసన ఎప్పుడో పోయి ఉంటుంది. ఇప్పుడు ఆ సీలు తీస్తే ఎండుగడ్డి, మిరియం తప్ప ఏమీ రాదు. అన్న చెప్పినదానికి సాక్ష్యం గాలిలో కలిసిపోయింది.

నేను చేయగలిగింది ఒక్కటే మిగిలింది. ఈ మొక్కల్లో మామిడల్లం వాసన వచ్చే రకాలు ఉంటాయి, పాత గంజాయి వాసన మాత్రమే తెలిసిన మనిషి దీన్ని వాసన చూసి పోల్చుకోలేడు అని, పని తెలిసినదానిగా రాసి ఇవ్వడం. అంటే అది గంజాయేనని మా ఇంటివాళ్ల తరఫున మొదటిసారి ఒప్పుకోవడం. అన్నకు తెలియదన్న ఒక్క మాట మీద కేసంతా నిలబెట్టడం. లాయరు విని, రాస్తే కోర్టులో చదువుతారు, అంతకంటే మాట ఇవ్వలేనని చెప్పించాడు.

ఖాదర్ గారు తన మాటగా ఇంకోటి అన్నాడు. "మీ నౌకరీ ఏందో అందులో రాయాల్సి వస్తది. ఈ దేశంలో ఆ మొక్క పేరు, మీ పేరు ఒకే కాగితం మీద ఉంటయి. సోచాయించుకోండ్రి."

రాస్తానన్నాను. తోట పేరు మాత్రం రాయలేదు. ఆయన అరబిక్‌లోకి మారుస్తూ సగంలో ఆగాడు.

"మీ అన్న ఆ పొట్లం ఇప్పి చూసిండా? ఇయ్యాల మీతోని ఏమన్నా అన్నడా?"

"లేదు" అన్నాను.

అబద్ధం చెప్పాను. అన్న వద్దన్నందుకే అలా చెప్పాననుకుంటే మనసుకు తేలికగా ఉంటుంది గానీ, నిజానికి ఆ ఒక్క మాటతో కేసు అక్కడే చచ్చిపోతుందని భయపడి చెప్పాను. సంతకం పెట్టి రెండు గంటలకు బయటపడ్డాను.

సిటీ నుంచి ఫహాహీల్‌కు తీరం వెంట బస్సులు ఎక్కువే. అర దీనారు లోపే టికెట్టు, ట్రాఫిక్ లేకపోతే గంటంబావు. నేను కూర్చున్న బస్సులో ఎ.సి. బాగా పనిచేసింది, ఎడమ వైపు కూర్చుంటే మధ్యమధ్య సముద్రం కనిపిస్తుంది. వేరే పని మీద వచ్చినదాన్నయితే ఆ నీలాన్ని చూస్తూ ఉండేదాన్ని. ఆ రోజు వదినకు ఎలా చెప్పాలో మాటలు కూడబలుక్కుంటూ కూర్చున్నాను, ఒక్కటీ కుదరలేదు.

నాలుగున్నరకు ఫహాహీల్ బజారు చివర, సముద్రం వైపు నీడలో ఉన్న బెంచీ మీద వదిన అప్పటికే కూర్చుని ఉంది. ఒళ్లంతా కప్పే నల్ల అబాయా, కింద మన ఊరి రబ్బరు చెప్పులు. "మామా రెండు గంటలిచ్చింది. ఆరున్నరకు పిల్లోళ్లకు అన్నం పెట్టాల" అంటూనే చేతిసంచీ తెరిచి రుమాలు మూట తీసింది. విప్పితే రెండు మామిడల్లం కొమ్ములు.

"ఈ బజార్లోనే దొరికినాయి. లాయరుకు చూపీ. ఇట్లాంటిదే మీ అన్న తెచ్చింది అని చెప్పు. వాసన చూడమను వాళ్లను."

ఒక కొమ్మును గోటితో గిల్లి నా ముక్కు దగ్గర పెట్టింది. పచ్చి మామిడి, మట్టి. నేను మొహం తిప్పుకున్నాను.

"వదినా, అది మామిడల్లం కాదు. గంజాయే."

"ఎవురు చెప్పినారు?"

"అన్న చెప్పిన వాసనను బట్టి నాకే తెలిసింది. ఈ వాసన వచ్చే గంజాయి ఉంది వదినా. అన్న మోసపోయినాడు."

ఆమె రుమాలు మెల్లగా మడిచింది.

"గంజాయికి ఈ వాసన యాడ నుంచి వస్తాది?"

"చెట్లను ఏరి, కలిపి తెప్పిస్తారు."

"ఎవురు?"

"మా లాంటోళ్లం. మాది మత్తు లేనిది వదినా. కానీ పని అదే."

"వాసన మార్చేది ఎందుకు?"

"ఆ కంపు జనాలకు నచ్చదని."

వదిన సముద్రం వైపు తిరిగింది. గొంతులో కోపం కూడా లేదు. "ఆ కంపు ఉండింటే మీ అన్న దాన్ని ముట్టుకుని ఉండడు గదా సుధా."

నేను రాసి ఇచ్చిన కాగితం గురించి చెప్పాను. విన్నదో లేదో తెలియదు. ఆరింటికి లేచి అబాయా సర్దుకుని, "టీ తాగుతావా?" అని అడిగింది. ఇద్దరం నిలబడే టీ తాగాం, ఆమె వద్దన్నా వినకుండా నేనే డబ్బులిచ్చాను. నడుస్తూ సందు మలుపు తిరిగేదాకా ఆమె వెనక్కి చూడలేదు.

మూడు వారాల తర్వాత, నేను తోటకు తిరిగి వచ్చాక, విచారణ జరిగింది. నేను రాసింది చదివారట. అది చదివిన వెంటనే అన్న లేచి తనంతట తానే, పొట్లం ఇప్పి చూశానని, పువ్వులు కనిపించాయని, వాసన నమ్మి మళ్లీ కట్టేశానని చెప్పాడట. చెల్లెలు తన కోసం అంత రాసినప్పుడు మిగతాది దాచడం బాగుండదనిపించిందని తర్వాత వదినతో అన్నాడు. ఖాదర్ గారు ఫోన్ చేసి, "మాకు ముందే తెలిస్తే దానికి తగ్గట్టు తయారై పోయేటోళ్లం మేడమ్. నేను మిమ్మల్ని అడిగిన" అన్నాడు. అప్పీలు కొట్టేశారు. పదేళ్లూ అలాగే ఉన్నాయి.

ఆ రోజు కోర్టులో వెనక కూర్చుని విన్న వదిన సాయంత్రం ఫోన్ చేసింది. "ఇప్పినాడంట గదా. నీకు తెల్సా?" తెలుసన్నాను. పెట్టేసింది. నెల రోజులు నాతో మాట్లాడలేదు.

నేను ఉద్యోగం మానేశానని రాస్తే మీకు బాగుంటుంది. మానలేదు. మా అమ్మ మందులు, తమ్ముడి చదువు నా జీతం మీదే నడుస్తున్నాయి. ఆ మామిడల్లం వరుసను ఆపేయమని పై అధికారికి చెప్పాను, కారణం కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. చాకుతో చేసిన తప్పు కమ్మరిది కాదన్నాడు. అది సబ్బుల్లోకి వెళ్లే వాసన, దానికి అడిగేవాళ్లున్నారు అన్నాడు. ఆయన మాట తప్పు కాదు. మొక్క కూడా తప్పు చేయలేదు. కానీ ఒక మనిషి కళ్లు ఆగమన్న చోట, ముక్కు పోనీలే అనేలా చేసే పనిలో నాకూ ఒక వంతు ఉందని ఇప్పుడు తెలుసు. పొద్దున్నే వరుసల్లోకి వెళ్లి పువ్వు నలుపుతాను, వాసన చూస్తాను, రాస్తాను. ఇదివరకు ఏదైనా కొత్త వాసన తగిలితే పక్క వరుసలో ఉన్నవాళ్లను కేకేసి పిలిచి చూపించేదాన్ని. ఇప్పుడు ఎవరినీ పిలవడం లేదు.

అక్కడి జైలుకు మనవాళ్లను చూడడానికి వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. మీ మనిషి పేరు, తండ్రి పేరు, కేసు నంబరు, కోర్టు కాగితాల్లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా అరబిక్‌లో ఒక చీటీ మీద రాయించుకుని దగ్గర పెట్టుకోండి. మన పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కోలా పడతాయి, తేడా వస్తే గేటు దగ్గరే తిప్పి పంపిస్తారు. నేను తిరిగి వచ్చే ముందు అలాంటి చీటీ ఒకటి రాయించి, ప్లాస్టిక్ కవరు వేయించి వదినకు పంపాను. మొన్న మళ్లీ ఫోన్ చేసినప్పుడు చెప్పింది, అక్కడ ఉండడానికిచ్చే ఇఖామా కార్డుతో పాటే దాన్ని పర్సులో పెట్టుకుని తిరుగుతోందట. ఇంకా తొమ్మిదేళ్లు కావాలి కదా అంది.